అవునంటే ఇంకో పదకొండు

రోజు 2171

బుడంకాయా,

నీ ప్రశ్నల పలకలో రాస్తున్నానే. కోప్పడకు. ఎండ్రకాయ బొమ్మ మీద వేలు పెడితే నీ పలక తెరుచుకుంటుందని నువ్వే చూపించావు కదా. అది రోజూ అడిగే ముప్పై ఆరు ప్రశ్నలూ అయ్యాక చివర ఒక ఖాళీ గడి వస్తుంది, "ఇంకేమైనా చెప్పదలచుకున్నారా?" అని. ఆరేళ్లలో మన వాడలో ఒక్కరు కూడా ఆ గడిలో ఒక్క అక్షరం రాసిన పాపాన పోలేదు. ఎవరూ రాయని చోటు ఎవరూ చదవరు. అందుకే ఇక్కడ రాస్తున్నాను. నా పలకలో రాస్తే నాకు నేనే చెప్పుకున్నట్టుంటుంది. నీ పలకలో అయితే నీకు అందుతుందేమోనని ఒక పిచ్చి.

నేను ఐదో తరగతితో ఆపేశాను కదా, ఒత్తులు తప్పు పోతాయి. నువ్వుంటే నవ్వేదానివి.

నువ్వు పోయి ఇవాళ్టికి ముప్పై ఒక్క రోజులు. సాయంత్రం ఐదింటికి రెండు పలకలూ ఒకేసారి మోగుతాయి. నాది నా పేరు పిలుస్తుంది. నీది "అలివేణి గారూ, ఈ రోజు మీరు ఎలా ఉన్నారు?" అంటుంది. నేను "బాగున్నాను" అని నొక్కుతాను.

ముప్పై ఒక్క రోజులుగా నువ్వు బాగున్నావే, బుడంకాయా. నేనే చెబుతున్నాను.


రోజు 2172

మొదటి ప్రశ్న కింద చిన్న అక్షరాలతో ఇంకో మాట ఉంది. ఇన్నేళ్లలో నేను చూడనే లేదు. "ఈ వ్యక్తి ఇక లేరు." దాని మీద నొక్కితే చాలు, నీ పలక మోగడం ఆగిపోతుంది.

ఇవాళ వేలు అక్కడి దాకా తీసుకెళ్లాను. మళ్లీ "బాగున్నాను" మీదకే పోయింది.

మన ఊరి పుస్తకంలో నీ పేరు కొట్టేశారు. మనం ఉండే కట్టకి పెద్దమనిషి వచ్చి సంతకం పెట్టించుకున్నాడు. కానీ ఊరి పుస్తకం వేరు, ప్రశ్నల పలక వేరు. దాని సంగతి దీనికి తెలియదు. తెలిసే దాకా నువ్వు ఒక చోటన్నా ఉంటావు కదా అనుకున్నాను. సిగ్గులేని అమ్మని.


రోజు 2174

కుళాయి దగ్గర ఇవాళ కూడా పలకలు నా ఒళ్లోకే వచ్చాయి. తొమ్మిది. నువ్వు పోయిన వారం ఎవ్వరూ తేలేదు. తర్వాత బసవమ్మత్త వచ్చి, "ఒసే నాంచారూ, ఏదో ఒక పని చెయ్యి, చేతులు ఖాళీగా ఉంటే మనసు కాలుస్తది" అని తన పలక నా ఒళ్లో పడేసింది. దాని వెనకే మిగతావి.

పలకకి బిందె. మన వాడ రివాజు అది. మంచినీళ్ల కుళాయి వదిలేది సాయంత్రం గంటే. పలక మోగేదీ అప్పుడే. వరసలో నిలబడాలా, ముప్పై ఆరు నొక్కాలా? అందుకని నేను అరుగు మీద కూర్చుని అందరి పలకలూ నొక్కుతాను, వాళ్లు నా బిందెలు కూడా నింపి గుమ్మం దాకా మోసి పెడతారు. ఇందులో తప్పేముంది అనుకున్నాను. పక్కింటికి చారెడు పప్పు అప్పిచ్చినట్టే కదా.

నా వేలికి కళ్లుండేవి. ప్రశ్న చదవక్కర్లేదు. బాగుంది, లేదు, లేదు, లేదు. బాగుంది, లేదు, లేదు, లేదు. తొమ్మిది సార్లు అలా తిరిగితే ముప్పై ఆరు. పిల్లలు తొక్కుడుబిళ్ల కూడా అదే పాటతో ఆడేవాళ్లు. నువ్వు "మా అమ్మ వేలు కుట్టుమిషను" అని అందరికీ చెప్పుకునేదానివి. ఆవాలు చిటపటలాడే లోపు ఒక పలక అయిపోయేది.

మొదట్లో ఇలా లేదే. నీకు గుర్తుండాలి, నీకప్పుడు పదమూడేళ్లు. సముద్రం పొలాల్లోకి వచ్చి వెనక్కి పోలేదు. మనల్ని ఈ కట్ట మీద స్తంభాల ఇళ్లల్లో దించారు. ఉప్పునీళ్లలో పండే బియ్యం కనిపెట్టామని, ఊరికే ఇస్తామని, రోజూ ఎలా ఉన్నారో చెబితే చాలని అన్నారు. మూడు సాయంత్రాలు వరసగా చెప్పకపోతే బియ్యం పడవ ఆ గుమ్మం దగ్గర ఆగదు. గంజి నీలంగా ఉంటే నువ్వు మొహం తిప్పుకున్నావు. ఇంత బెల్లం వేసి తాగించాను.

అప్పుడందరూ నిజమే చెప్పేవాళ్లు. బసవమ్మత్త అయితే పలకని ఎదురుగా నిలబెట్టుకుని మోకాళ్ల నొప్పి దగ్గర మొదలుపెట్టి, పెద్దకోడలు అన్న మాట దాకా చెప్పేది. "మా ఆయన కూడా ఇంత శ్రద్ధగా అడగలేదే నన్ను" అని మురిసిపోయేది.

కానీ దేనికన్నా "అవును" అన్నామా, ఇంకో పదకొండు ప్రశ్నలు విచ్చుకునేవి. ఏ వైపు? పొద్దుటా, సాయంత్రమా? ఒకటి నుంచి పది దాకా ఎంత? అన్నీ చెప్పాక మర్నాడు మళ్లీ అవే పదకొండు. పలకకి నిన్నటి మాట జ్ఞాపకం ఉండదు. "నిన్ననే కదే ఏడ్చాను నీ దగ్గర!" అని బసవమ్మత్త ఒకరోజు దాన్ని మంచం కిందకి విసిరేసింది. అవతల బిందె వరస కదిలిపోతుంటుంది. పొయ్యి మీద పప్పు మాడుతుంటుంది.

రెండేళ్లకి వాడంతా ఒకటి నేర్చుకున్నాం. అవునంటే ఇంకో పదకొండు. లేదంటే ఇంటికి పోవచ్చు.

నేర్పింది నేనే.


రోజు 2176

ఇవాళ గురువారం. ప్రశ్నల అమ్మాయి పడవ వచ్చింది. పేరు ఇందుప్రియ. పాత ఆవిడ మానేశాక ఈ మధ్యే వేశారంట. నీకంటే నాలుగైదేళ్లు పెద్దదేమో. కట్ట మీద నలభై వాడలకీ తనొక్కతే. పడవ దిగడం దిగడమే నా కోసం వెతికింది.

"నాంచారమ్మ గారంటే మీరేనా అండీ?"

"నేనే అమ్మా. ఏం తప్పు జరిగింది?"

"తప్పేంటండీ! ఆరేళ్లలో ఒక్క సాయంత్రం కూడా తప్పని ఇళ్లు కట్ట మొత్తం మీద మూడే ఉన్నాయి. మీది ఒకటి. 2190వ రోజుతో ఈ పరిశీలన అయిపోతుంది కదా, ఆ రోజు పైవాళ్లు వస్తారు. మీకూ, మీ అమ్మాయికీ శాలువా కప్పుతాం. అలివేణి గారే కదా? ఇద్దరూ రావాలి మరి."

బసవమ్మత్త తన బిందెలోకి తొంగి చూస్తూ ఉండిపోయింది. సువార్త నెత్తి మీద చుట్టకుదురు తీసి మళ్లీ చుట్టుకుంది. పక్కింటి మనిషి, నువ్వూ తనూ ఒక కంచంలో తిన్న రోజులున్నాయి. ఒక్కరూ నోరు విప్పలేదు. విప్పితే నీ పలక ఎవరు నొక్కుతున్నారని అడుగుతుంది. తర్వాత వాళ్ల పలకల సంగతి వస్తుంది.

"మీ అమ్మాయి కనబడదే?" అంది ఆ పిల్ల.

"గాలిమరల దగ్గరుంది" అన్నాను.

నువ్వు పనికి పోయే చోటు అది, నిన్ను ఆఖరిసారి చూసిందీ అక్కడే. అందుకని అది పూర్తిగా అబద్ధం కాదని ఇంటికొచ్చే దాకా నాకు నేను చెప్పుకున్నాను. ఇంటికొచ్చి తలుపేసుకున్నాక తెలిసింది, ఎంత అబద్ధమో.


రోజు 2177

ఇవాళ ఏమీ రాయలేను. బాగున్నావని నొక్కాను.


రోజు 2180

దోసె తిప్పుతుంటే కాలిన వాసన వచ్చింది. దోసె మాడలేదు. చూసుకుంటే నా చూపుడు వేలు పెనం అంచుకి ఆని ఉంది. ఎంతసేపటి నుంచో! తోలు తెల్లగా లేచింది. నొప్పి లేదు.

అదే వేలే, బుడంకాయా. కుట్టుమిషను వేలు.

నీళ్లలో ముంచి కూర్చున్నాను. చల్లగా ఉందో వేడిగా ఉందో వేలికి తెలియలేదు, మణికట్టుకి తెలిసింది. సాయంత్రం పలకలు నొక్కుతూ మొదటిసారి పంతొమ్మిదో ప్రశ్న చదివాను. అక్షరం అక్షరం కూడబలుక్కుని చదివాను. "చేతివేళ్లలో గానీ కాలివేళ్లలో గానీ తిమ్మిరి, స్పర్శ తెలియకపోవడం ఉందా?"

నాలుగేళ్లు, రోజుకి పదకొండు పలకలు. ఆ ప్రశ్న మీద ఎన్ని వేల సార్లు వేలు పెట్టానో! దాన్ని చదవడం ఇదే మొదలు.

చదివి కూడా పదకొండిట్లోనూ "లేదు" నొక్కాను. బిందెలు అప్పటికే నిండి గుమ్మంలో ఉన్నాయి మరి.


రోజు 2183

గురువారం. ఇందుప్రియ మళ్లీ వచ్చింది. ఎండలో తిరిగి తిరిగి మొహం వాడిపోయింది. నా అరుగు మీదే కూలబడింది. సంచిలోంచి అన్నం డబ్బా తీసి పక్కన పెట్టుకుంది. మూత తియ్యలేదు. కాగితాలు తీసింది.

"తినమ్మా ముందు."

"తింటానండి. ఇదొక్కటి చూసుకుని." అని నవ్వింది. "రోజూ మా ఆఫీసు వాళ్లకి నేను కూడా ఒకటి నింపాలి పిన్నిగారూ. పని ఎలా ఉంది, మనసు ఎలా ఉంది, నిద్ర పడుతోందా అని. అన్నిటికీ 'సంతృప్తి' అని పెట్టేస్తాను. లేకపోతే ఎందుకు లేదు అని ఇంకో పేజీ వస్తుంది."

నేను నవ్వలేకపోయాను. అడగాలనుకున్నది అడిగేశాను. "ఈ పంతొమ్మిదో ప్రశ్నకి ఎవరన్నా అవునంటే ఏం చేస్తారమ్మా?"

"ఒకరిద్దరంటే రాసి పెట్టుకుంటామండి. ఒక వాడలో ఐదుగురు అంటే మాత్రం డాక్టరు పడవ వచ్చి తీరాలి. రూలు. కానీ మీ కట్ట మీద ఐదు ఎప్పుడూ రాలేదు. అందుకే కదా ఈ బియ్యం గెలిచింది! వచ్చే నెల నుంచి తీరం మొత్తానికి ఇదే. బడి పిల్లల మధ్యాహ్నం అన్నం కూడా."

బడి పిల్లలు. ఎంతమంది అని అడిగాను. తను చెప్పిన అంకె నాకు రాయడం రాదు.

లేవబోతూ ఇంకో మాటంది. "అన్నట్టు, అలివేణి గారు ఆఖరి గడిలో ఏదో రాస్తున్నారు కదా. మాకు గుర్తు పడుతుంది. ముగింపు రోజు సాయంత్రం దాకా తెరవడానికి లేదు. కట్ట మొత్తం మీద ఆవిడొక్కరే రాశారు, ఎంత సంతోషమేసిందో నాకు! చదివేది నేనే. వద్దనుకుంటే ముందురోజు లోపు చెరిపెయ్యమనండి, చివర మీట ఉంటుంది."

డబ్బా మూత తియ్యకుండానే పడవెక్కి పోయింది.

ఎవరూ చదవరనుకుని రాశానే. నీకూ నాకూ మధ్య అనుకున్నాను.


రోజు 2184

చెరిపెయ్యాలంటే చెరిపెయ్యొచ్చు. మీట చూశాను. ఎర్రగా ఉంది.

కానీ చెరిపే ముందు ఒకటి రాయాలి. ఇంతవరకూ రాయకుండా చుట్టూ తిరుగుతున్నాను.

నువ్వు పోయే ముందురోజు సాయంత్రం నువ్వు గ్రీజు చేతులతో వచ్చావు. కాళ్లు కడుక్కుని కంచం ముందు కూర్చున్నావు. చేపల పులుసు. ముద్ద కలిపి, నోటి దాకా తెచ్చి, చూస్తూ ఉండిపోయావు.

"అమ్మా, ఈ చేతులు నావి కానట్టున్నాయే" అన్నావు. "ముద్ద పట్టుకున్నానో లేదో చూస్తే గాని తెలియట్లేదు. ఇవాళ పలకలో చెప్పాలి."

నేను పొయ్యి దగ్గరి నుంచి ఇటు తిరగను కూడా తిరగలేదు.

"నీది నొక్కేశాలే. తిను, చల్లారిపోతుంది" అన్నాను.

"మరి రేపు?"

"రేపు చూద్దాం. అవునంటే ఇంకో పదకొండు, తెలుసు కదా."

నువ్వు నవ్వావు. "సరేలే, కుట్టుమిషనూ" అన్నావు. తిన్నావు. మర్నాడు పొద్దున్నే ఎనిమిదో గాలిమర ఎక్కావు.

కింద నిలబడ్డవాళ్లు చెప్పారు. నీ చెయ్యి నిచ్చెన మెట్టు మీదే ఉందంట. పట్టు మాత్రం లేదంట.

ఆ సాయంత్రం నీ పలక మోగితే సువార్త తీసి నొక్కింది, ఇంటికి బియ్యం ఆగకూడదని. మంచిదనుకునే చేసింది. ఆ మర్నాటి నుంచి నేను నొక్కాను.

ఇది చదివితే ఆ పిల్ల నన్ను ఏమనుకుంటుందో! ఏమనుకుంటే అది నిజమే.


రోజు 2186

చెరపలేదు. రాసిందీ లేదు.


రోజు 2188

కుళాయి దగ్గర చెప్పేశాను. పలకలు ఒళ్లో పెడుతుంటే తీసుకోలేదు. "ఎవరివి వాళ్లు నొక్కుకోండి. పంతొమ్మిదోది చదివి నొక్కండి" అన్నాను. నా వేలు చూపించాను. నువ్వన్న మాట చెప్పాను. బడి పిల్లల అన్నం సంగతి చెప్పాను.

సువార్త బిందె దించింది. "ఏంటి వదినా నువ్వనేది? ఇప్పుడు అవునంటే బియ్యం పడవ ఆపేస్తారు. ఉప్పునేల మీద ఇంకేం పండుద్ది, రాళ్లా? నీ కూతురు పోయిందని మా పిల్లల నోటి దగ్గర కూడు తీస్తావా?"

అనేసి తనే నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. నాకు కోపం రాలేదు. ఆ మాట నేను నాకు చాలాసార్లు చెప్పుకున్నాను.

అప్పుడు బసవమ్మత్త లేచింది. గాజుకి పెట్టుకున్న పిన్నీసు తీసింది. అందరి ముందూ చూపుడు వేలి కొసలో గుచ్చుకుంది. నెత్తురు బొట్టు వచ్చింది. మొహంలో రేఖ కదల్లేదు.

"రెండేళ్ల నుంచి ఇంతే. ముసలితనం అనుకున్నా. చెంబులు జారిపోతుంటే కోడలు తిడుతుంది, వయసొచ్చినా బుద్ధి రాలేదని." పిన్నీసు కొంగుతో తుడిచి సువార్తకి ఇచ్చింది. "నువ్వూ గుచ్చుకోవే. చిన్నదానివి కదా, నీకు తెలియాలిగా."

పిన్నీసు చేతులు మారింది. ఒకరు "అబ్బా!" అన్నారు. ఆ మాటకి మేమందరం అదృష్టవంతురాలు అన్నట్టు చూశాం. తర్వాతావిడ అనలేదు. ఆ తర్వాతావిడా అనలేదు. కుళాయి ఊరికే కారిపోతోంది, ఒక్కరూ బిందె పెట్టలేదు.

సువార్త గుచ్చుకుంది. ఇంకాస్త లోపలికి గుచ్చుకుంది. తలెత్తలేదు. పక్కన నిలబడ్డ తన కూతురు రూతుని లాక్కుని, ఆ ఐదేళ్ల పిల్ల వేలు పట్టుకుంది. గుచ్చింది.

రూతు కెవ్వుమని ఏడ్చింది.

"ఏడ్చింది! ఏడ్చింది వదినా!" అని సువార్త నవ్వుతూ, ఏడుస్తూ, పిల్లని గుండెకేసుకుని నేల మీద కూలబడింది.

నీకు నేను ఒక్కసారి పిన్నీసు గుచ్చి చూసి ఉంటే!


రోజు 2189

ఇవాళ వాడలో ఎవరి పలక వాళ్ల చేతిలో ఉంది. చదువు రానివాళ్లకి వచ్చినవాళ్లు చదివి వినిపించారు, నొక్కింది మాత్రం ఎవరికి వాళ్లే. బసవమ్మత్త ప్రతి ప్రశ్నకీ కథ చెబుతుంటే, "అత్తా, కోడలు సంగతి దాంట్లో గడి లేదు, తొందరగా కానివ్వు" అని సువార్త కసిరింది. ఎన్నాళ్లకో అందరూ నవ్వారు. ఏ ఇంట్లోనూ పప్పు మాడకుండా లేదు. నా బిందెలు నేనే మోసుకున్నాను. ఒకటి సగం దారిలో జారింది.

నాది అయ్యాక నీది తీశాను. మొదటి ప్రశ్నకి ఏమీ నొక్కకుండా దాటించాను. ఇవాళ ఒక్కరోజు అలా ఉంచాను, నీ నోటి మాట ఇంకోటి చెప్పేది ఉంది కనక. పంతొమ్మిది: అవును. పదకొండూ విచ్చుకున్నాయి.

ఏ వైపు? రెండూ. ఎంత? పది. ఎన్నాళ్లుగా?

నాకు తెలియదే. నేను అడగలేదు. "తెలియదు" అని నొక్కడానికి అక్కడ చోటు లేదు. ఈ పదకొండిట్లో ఏదో ఒకటి పెడితే గాని ముందుకి పోదు.

కూర్చుని వెనక్కి లెక్కేసుకున్నాను. అప్పుడు గుర్తొచ్చింది. వానలు మొదలయ్యే ముందు ఒక పొద్దున నువ్వు దువ్వెన తెచ్చి నా ముందు కూర్చున్నావు. "అమ్మా, జడ నువ్వే వెయ్యవే ఇక నుంచి" అన్నావు. పన్నెండో ఏట నుంచి నన్ను తల ముట్టుకోనివ్వని దానివి. నా కూతురికి మళ్లీ నా మీద ప్రేమ పుట్టుకొచ్చిందని మురిసిపోయాను. రోజూ వేశాను. నీ వేళ్లకి పాయలు తెలియట్లేదని ఒక్కసారన్నా అనుకోలేదు.

మూడు నెలలు అని నొక్కాను.

పదకొండోది: దీనివల్ల మీ పనికి ఏమైనా ఇబ్బంది కలిగిందా? లేదు, కొద్దిగా, చాలా.

చాలా.

ఎర్ర మీట జోలికి పోలేదు. గడువు దాటిపోయింది.


రోజు 2190

పొద్దున ఇందుప్రియ ఒక్కతే వచ్చింది. శాలువాలు లేవు, పైవాళ్లు లేరు. అరుగు మీద కూర్చుని అన్నం డబ్బా పక్కన పెట్టుకుంది, మూత తియ్యలేదు.

"పిన్నిగారూ, నిన్న మీ వాడ నుంచి పదమూడు అవునులు వచ్చాయి. ఆరేళ్లలో ఒక్కటి లేదు, ఆఖరి ముందురోజు పదమూడు. పైవాళ్లు పలకలు చెడిపోయాయంటున్నారు. ఆ ఒక్కరోజునీ లెక్కలోంచి తీసెయ్యమన్నారు."

"తీసేస్తావా?"

"అంకెలు తియ్యడం వాళ్ల చేతిలో పని. ఆఖరి గడి మాత్రం ఎవరూ తియ్యడానికి లేదు. రాసింది రాసినట్టు డాక్టర్ల సంఘానికి పోవాలి. సాయంత్రం ఆరింటికి తెరుస్తాను." చుట్టూ చూసింది. "అలివేణి గారిని ఒక్కసారి కలవనివ్వండి. ఏం జరిగిందో ఆవిడకి తెలిసే ఉంటుంది."

చెప్పాలి. "సాయంత్రం తెలుస్తుంది తల్లీ" అన్నాను. అంత పిరికిదాన్ని. నోటితో చెప్పలేక వేలితో రాస్తున్నాను.

ఐదింటికి నీ పలక మోగింది. "అలివేణి గారూ, ఈ రోజు మీరు ఎలా ఉన్నారు?" అంది. చిన్న అక్షరాల మీద వేలు పెట్టాను. వేలికి తెలియలేదు. కళ్లతో చూసి నొక్కాను.

పలక ఇంకేమీ అడగలేదు. ఆఖరి గడి ఒక్కటి ఇచ్చింది.

ఉంటానే, బుడంకాయా. ఇక్కడి నుంచి ఆ అమ్మాయితో మాట్లాడాలి.

అమ్మా ఇందుప్రియా. అలివేణి నా కూతురు. పంతొమ్మిదేళ్లు. 2140వ రోజు గాలిమర మీద నుంచి పడి పోయింది. ఆ రోజు నుంచి నలభై తొమ్మిది రోజులు తను బాగున్నట్టు మీకు వచ్చిన జవాబులు నావి, మొదటి ఒక్కటీ తప్ప. నిన్నటి పదమూడు తప్పు కాదమ్మా. అంతకు ముందు నాలుగేళ్లవి తప్పు. మా వాడలో తొమ్మిది ఇళ్ల "లేదు"లు నా ఒక్క వేలివి. చనిపోయిన పిల్ల నలభై తొమ్మిది రోజులు బాగుందని చెప్పిన లెక్క అది. దాన్ని చూసి బడి పిల్లలకి అన్నం పెట్టకండి. నా పేరు రాసుకో. మిగతావాళ్ల పేర్లు పైన పడ్డాయి గానీ తప్పు వాళ్లది కాదు, వాళ్లు నన్ను నమ్మి ఇచ్చారు.

మీ డాక్టర్లు వస్తే పిన్నీసు తెమ్మను, పలక వద్దు. ఒక్కొక్కరి వేలు పట్టుకుని చూడమను. అడిగి అడిగి మీరూ అలిసిపోయారు, చెప్పి చెప్పి మేమూ అలిసిపోయాం. మధ్యలో నా పిల్ల జారిపోయింది.

బియ్యం ఆగిపోతే ఏం తింటామో నాకు తెలియదు. ఈ గడి చెరపకుండా ఉంచడం ఒక్కటే తెలిసింది.

నువ్వు వచ్చిన మూడుసార్లూ నీ అన్నం డబ్బా మూత తియ్యకుండానే వెనక్కి పోయింది. నేను చూశాను. నీ వేళ్లు ఎలా ఉన్నాయో కూడా ఒకసారి చూసుకో. చదవడం అయింది కదా. ఆ డబ్బాలోది మా నీలం బియ్యం కాకపోతే, ఇక తెరిచి కడుపునిండా తినమ్మా.